అరవై మూడుకి అన్యాయం

మా విజయనగరంలో ఇల్లు కట్టేవాడు ఈశాన్యం మూల జానెడు పెరిగిందా తగ్గిందా అని ముగ్గురు సిద్ధాంతుల్ని అడుగుతాడు. బండి కొన్నవాడు నంబరులో అంకెలు కూడితే తొమ్మిది వచ్చేదాకా నిద్రపోడు. అలాంటి ఊళ్లో ఈమధ్య తొమ్మిదికి ఘోర అవమానం జరిగింది. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

మూడు లాంతర్ల దగ్గర తెలిసినాయన ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు దాచడానికి మూడు హార్డ్ డిస్కులతో లినక్స్ కంప్యూటరు మీద రెయిడ్-5 కట్టించాడు. రెయిడ్ అనగానే కంగారు పడకండి, ఏసీబీ వాళ్లది కాదు. ఒక డిస్కు పోయినా మిగతా రెండూ పరువు నిలబెడతాయి, అంతే. కట్టిన కుర్రాడు పాత డిస్కు పార్టిషన్ పట్టికని, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలో చెప్పే చిట్టాని, మక్కీకి మక్కీ కొత్తవాటికి దించేశాడు. పాతకాలంలో ట్రాకుకి, అంటే డిస్కు మీది ఒక్కో చుట్టుకి, 63 సెక్టార్లని (చిన్న గదులని) లెక్క, మొదటి ట్రాకు వదిలేసేవారు. అందుకని పార్టిషన్ 63 దగ్గర మొదలు. ఆరూ మూడూ తొమ్మిది! ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంది?

అప్పట్లో సెక్టార్ అంటే 512 బైట్లు. ఇప్పటి డిస్కుల్లో లోపల 4096. పైకి మాత్రం చాలావరకు ఇంకా 512 అనే చెబుతాయి, పెళ్లిచూపుల్లో వయసు చెప్పినట్టు. 63ని 512తో గుణించి 4096తో భాగిస్తే 7.875. అంటే ప్రతి 4 కేబీ (4096 బైట్ల) బ్లాకూ తల ఒక గదిలో, ఒళ్లు పక్క గదిలో పెట్టి పడుకుంటుంది. దాన్ని కదపాలంటే డిస్కు రెండు గదులూ చదివి, సరిచేసి, రెండూ తిరగరాయాలి. రెయిడ్-5 కాబట్టి పారిటీకీ, అంటే పోయిన డిస్కుని తిరిగి పుట్టించే లెక్కకీ, ఇదే తద్దినం. తాళి కట్టే క్లిప్పు కాపీ నలభై శాతం దగ్గర నిలబడి దిక్కులు చూసేది.

"దిష్టిగాని తగిలిందేటి మాస్టారూ?" అన్నాడాయన. కేబినెట్ మీద నిమ్మకాయ పెట్టాడు. టేబుల్ తూర్పుకి తిప్పాడు.

మా మేనల్లుడు వచ్చి డేటా అంతా వేరేచోటికి దించి, 2048 దగ్గర మొదలుపెట్టి మళ్లీ కట్టాడు. సరిగ్గా ఒక ఎంబీ. చంక్ (ఒక్కో డిస్కుకి ఒక వంతుగా వేసే ముక్క) 512 కేబీ, బ్లాక్ 4 కేబీ, అందుకని స్ట్రైడ్ (చంక్‌లో పట్టే బ్లాకులు) 128. ఒక డిస్కంత చోటు పారిటీకి పోగా డేటాకి లెక్కయ్యేవి రెండు డిస్కులు కనుక స్ట్రైప్ విడ్త్ (ఒక వరసలో పట్టే డేటా బ్లాకులు) 256. కాపీ పరుగెత్తింది. కానీ ఆ అంకెలు చూడండి! 512 కూడితే ఎనిమిది, సాక్షాత్తూ శని. రెండుని రెండుతో ఎంతకాలం గుణించినా తొమ్మిది రానే రాదు. ఇదేం శాస్త్రం?

స్టూడియో ఆయనకీ అదే బెంగ. "2048 కూడితే అయిదే బావూ. 2052 పెట్టీలేవా?"

"కుదరదండీ. ఎనిమిది 512లు కలిస్తేనే ఒక 4096. అందుకని ఎనిమిదితో శేషం లేకుండా పోవాలి," అన్నాడు మావాడు.

మర్నాడు పొద్దున్నే కాలిక్యులేటర్ పట్టుకుని ఇంటికొచ్చాడు. "2088. ఎనిమిదితో పోతంది. కూడితే పద్దెనిమిది, అంటే తొమ్మిది."

మావాడు రెండు నిమిషాలు మాట్లాడలేదు. లెక్క సరిగ్గానే ఉంది.