సింగపూర్ చూడటానికి రెండు లక్షలు అక్కర్లేదు, ఇంగ్లీషూ అక్కర్లేదు

కొన్నాళ్లుగా మా రాజోలు, మలికిపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. మా బంధువుల గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. రాసిందెవరో తెలీదు. "సొంతంగా సింగపూర్ బయల్దేరే మధ్యతరగతి వాళ్లకు హెచ్చరిక" అని మొదలవుతుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ప్యాకేజీ లేకుండా వెళ్తే మనిషికి రెండు లక్షలు దాటుతుంది. ఇంగ్లీషు రాకపోతే, పదో తరగతి పాసవకపోతే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపేస్తారు. మంచినీళ్ల సీసాకే మూడొందలు, మన తిండి దొరకదు, స్టవ్వూ బియ్యం మోసుకెళ్లాలి. ఏది చూడాలన్నా టికెట్టే. అడుగు తీసి అడుగేస్తే జరిమానా. డబ్బంతా ఇక్కడే మార్చుకుని నగదుగా పట్టుకెళ్లాలి.

చదివి ఊరుకునేదాన్నే. కానీ మా వీధిలో ఒకావిడ, చీటీలు కట్టి ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న డబ్బుతో కొడుకుని తీసుకుని వెళ్దామనుకున్నావిడ, ఈ మెసేజ్ చూసి మానేసింది. "మనవల్ల అయ్యే పని కాదులే అమ్మా" అంది నాతో. పోయినేడాది అమ్మ, పిన్ని, నేను ఏ ప్యాకేజీ లేకుండా అయిదు రోజులు సింగపూర్ చూసొచ్చాం. ఆవిడకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇంగ్లీషు సంగతి. నాకు బాగా కష్టం కలిగించిన మాట అదే.

మా పిన్ని అయిదో తరగతితో బడి మానేసింది. ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. ముప్ఫై రెండేళ్ల వయసులో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, నరసాపురంలో రైలెక్కి, బొంబాయి మీదుగా ఒక్కతే కువైట్ వెళ్లింది. పదకొండేళ్లు అక్కడ ఇళ్లల్లో పని చేసి ఇద్దరు పిల్లల్ని చదివించింది. కోనసీమలో ఇలాంటి ఆడవాళ్లు ఎన్ని ఇళ్లల్లో ఉన్నారో మనలో ఎవరికి తెలీదు? ఇంకా వెనక్కి వెళ్తే కోరంగి రేవులో ఓడెక్కి రంగం, అంటే రంగూన్ వెళ్లిన ముత్తాతలు ఉన్నారు. బర్మాలో తెలుగువాళ్లని ఆ రేవు పేరుతోనే కోరంగీలు అని పిలిచేవారు. వాళ్ల చేతిలో ఏ సర్టిఫికెట్ ఉందని? అలాంటి ఊళ్లలో జనానికి "మీకు ఇంగ్లీషు రాదు, మీరు వెళ్లలేరు" అని పంపడం నాకు చాలా తప్పుగా అనిపించింది.

పదో తరగతి మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. పదో తరగతి పాసవని వాళ్లకు పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, ఆ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పని కోసం వెళ్లేవాళ్లు ముందుగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. కువైట్, సౌదీ, ఒమన్, ఖతర్, యూఏఈ, మలేసియా ఆ జాబితాలో ఉన్నాయి. సింగపూర్ లేదు. పైగా ఆ అనుమతి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే గాని చూడటానికి వెళ్లేవాళ్లకు కాదు. గల్ఫ్ పనికి ఉన్న నిబంధనని తెచ్చి సింగపూర్ చూడబోయేవాళ్ల మెడకి తగిలించారన్నమాట.

ఒక్క విషయం మాత్రం నిజం. విజిట్ వీసా మీద పంపించి అక్కడ పనిలో పెట్టే ఏజెంట్ల చేతిలో మన ఆడవాళ్లు ఎంత నలిగారో అందరికీ తెలిసిందే. అందుకే మన దేశం దాటేచోట ఇమిగ్రేషన్ అధికారి నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడగొచ్చు. విశాఖ ఎయిర్‌పోర్టులో పిన్నిని అడిగారు. ఎందుకు వెళ్తున్నారు, ఎన్ని రోజులు, తోడెవరు. అడిగింది తెలుగులోనే. పిన్ని తిరుగు టికెట్టు, గది బుక్ చేసిన కాగితం సంచిలోంచి తీసి చూపించింది. ఆ రెండు కాగితాలూ, ఆరు నెలలకి తగ్గకుండా గడువున్న పాస్‌పోర్టూ దగ్గరుంటే టెన్షన్ పడాల్సిన పనిలేదు. సింగపూర్‌లో దిగాక మమ్మల్ని ఎవరూ ఏమీ అడగనేలేదు. మిషన్ మీద పాస్‌పోర్టు పెట్టి, మొహం చూపించి, వేలిముద్ర వేస్తే గేటు తెరుచుకుంది. పాస్‌పోర్టులో ముద్ర కూడా వేయరు, ఈమెయిల్‌కి పంపుతారు.

ఇక ఊళ్లో తిరగడం. చాంగీ ఎయిర్‌పోర్టు కిందే మెట్రో స్టేషన్ ఉంది. అక్కడ మెట్రోని ఎమ్మార్టీ అంటారు. ఒక స్టేషన్ వెళ్లి ఎక్స్‌పోలో దిగి, నీలం రంగు డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే నేరుగా లిటిల్ ఇండియాలో దిగొచ్చు. ప్రతి స్టేషన్‌కీ ఒక రంగు, ఒక నంబరు ఉంటాయి. లిటిల్ ఇండియాది 12. పిన్ని తలుపు పైనున్న పటం ఒక్క నిమిషం చూసి, "నీలం గీత మీద పన్నెండు, అంతేగా" అంది. తర్వాత పేర్లు చదవడం మానేసి వేళ్లు మడుచుకుంటూ నంబర్లు లెక్కపెట్టింది. మూడో రోజుకి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్న నన్ను మోచేత్తో పొడిచి "లే, మనదొచ్చింది" అని తనే దింపింది. అక్కడ అధికార భాషలు నాలుగు: ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. బోర్డుల మీద తమిళం కూడా కనిపిస్తుంది. తెలుగు ఉండదు. అయినా దాని కోసం మేము ఎక్కడా ఆగిపోలేదు.

"సొంతంగా వెళ్తే రెండు లక్షలు, ప్యాకేజీయే చవక." ఇక్కడ లెక్క చెప్పడమే మంచిది. మేము వెళ్లినప్పుడు సింగపూర్ డాలరు 66 రూపాయలు పడింది. మనిషికి విమానం రానుపోను 18,000. విశాఖ నుంచి సింగపూర్‌కి స్కూట్ విమానం నేరుగా ఉంది, నాలుగు గంటల ప్రయాణం. వీసా ఏజెంటు రుసుముతో కలిపి 3,200. లిటిల్ ఇండియాలో ముగ్గురికి ఒకే గది, నాలుగు రాత్రులు, ఒక్కొక్కరి వాటాకి పదిన్నర వేలు. తిండి ఆరు వేలు. రైళ్లు, బస్సులు రెండు వేలు. డబ్బు కట్టి చూసింది ఒక్కటే, 2,600. విశాఖ వెళ్లిరావడం, ప్రయాణ బీమా కలిపి 2,100. మొత్తం 44,400. కొనుక్కున్న వస్తువులు ఇందులో లేవు, అవి ఎవరి ఇష్టం వాళ్లది.

అదే అయిదు రోజులకు మాకు వచ్చిన ప్యాకేజీ కొటేషన్ మనిషికి 78 వేలు. దాన్ని కూర్చుని విప్పి చూశాను. "అర్ధరోజు సిటీ టూర్" అన్నచోట ఉన్నవి మెర్లయన్ సింహం బొమ్మ, చైనాటౌన్, లిటిల్ ఇండియా. మూడింటికీ టికెట్టు లేదు, మూడింటికీ మెట్రో ఉంది. లిటిల్ ఇండియాకి మిగిల్చింది నలభై నిమిషాలు. ప్యాకేజీ వాళ్లది మోసం అనను. బస్సు, గైడు, హోటల్ వాళ్లు చూసుకుంటారు, దానికి డబ్బు తీసుకుంటారు. సొంతంగా వెళ్తే ఖర్చు తడిసి మోపెడవుతుందన్నదే అబద్ధం.

చవక టికెట్టులో మెలికలున్నాయి, అవి తెలుసుకునే వెళ్లాలి. తిండి ఇవ్వరు, లోపల వేసే లగేజీకి వేరే కట్టాలి. మేము చేతిసంచులతోనే వెళ్లాం. ఇంకో సంగతి. సింగపూర్‌లో దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో ఎరైవల్ కార్డు నింపాలి. ప్రభుత్వ వెబ్‌సైటులో అది పూర్తిగా ఉచితం. నేను వెతికినప్పుడు మొదట వచ్చిన సైటు, అచ్చం ప్రభుత్వానిదిలాగే ఉండి, మనిషికి నాలుగు వేల పైచిలుకు అడిగింది. కార్డు నంబరు సగం కొట్టాక అనుమానం వచ్చి ఆపేశాను. వీసా వేరు, ఈ కార్డు వేరు. వీసాకి డబ్బు కట్టాలి, దీనికి ఒక్క పైసా కట్టొద్దు.

నీళ్లకి మూడొందలట. సింగపూర్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. మేము ఇంటి నుంచి తీసుకెళ్లిన మూడు స్టీలు సీసాలు నింపుకుంటూ తిరిగాం, నీళ్ల మీద పెట్టిన ఖర్చు సున్నా.

తిండి గురించి రాసినవారు బహుశా హాకర్ సెంటర్ గడప తొక్కి ఉండరు. ఒకప్పుడు వీధుల్లో బళ్ల మీద అమ్మేవాళ్లని ఒక కప్పు కిందికి తెచ్చి కట్టినవి ఇవి. 2020లో యునెస్కో ఈ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగు నుంచి ఆరు డాలర్లకి కడుపు నిండుతుంది. లిటిల్ ఇండియా స్టేషన్ బయటే టెక్కా సెంటర్. ముందువైపు దోసెలు, బిర్యానీ, చిక్కటి టీ. వెనక చేపల మార్కెట్టు. వంజరం, సందువలు, రొయ్యలు మంచు మీద వరసగా పేర్చి ఉన్నాయి. పిన్ని ఆగి, మాకు వండుకునే వీలు లేదని తెలిసి కూడా, ఒక వంజరం మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉంది. కొట్టతను తమిళంలో ఏదో అన్నాడు, ఈవిడ తెలుగులో "తాజాదే" అంది, ఇద్దరూ తలలూపుకున్నారు. అక్కడికి దగ్గర్లో సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి నడుస్తున్న కోమలా విలాస్ ఉంది. శాకాహారులు నిశ్చింతగా వెళ్లొచ్చు. అమ్మకి శనివారం ఒక్కపొద్దు. ఆ రోడ్డు మీదే శ్రీనివాస పెరుమాళ్ గుడిలో దణ్ణం పెట్టుకుని కోమలా విలాస్‌లోనే ఫలహారం చేసింది. స్టవ్వు మోసుకెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, హోటల్ గదుల్లో వంట ఒప్పుకోరు. ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె పెట్టుకోండి, చాలు.

"ఏది చూడాలన్నా టికెట్టే." గార్డెన్స్ బై ది బేలో అద్దాల తోటలకే టికెట్టు. బయటి తోట, ఆ పెద్ద ఇనప చెట్లు, రాత్రి 7:45కి, 8:45కి జరిగే దీపాల ప్రదర్శన ఉచితం. 1859లో మొదలైన బొటానిక్ గార్డెన్స్ ఉచితం. ఎయిర్‌పోర్టు పక్కనే జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతం ఉచితం.

వీటన్నిటికంటే డెల్టా వాళ్లు తప్పకుండా చూడాల్సింది, మాకు వచ్చిన కొటేషన్‌లో కనపడనిది, మెరీనా బ్యారేజ్. అదీ ఉచితమే. నది సముద్రంలో కలిసేచోట 350 మీటర్ల వెడల్పున అడ్డంగా కట్టి, తొమ్మిది స్టీలు గేట్లు పెట్టారు. 2008లో ప్రారంభమైంది. ఇవతల మంచినీళ్ల జలాశయం, అవతల ఉప్పు సముద్రం. పెద్ద వాన పడినప్పుడు సముద్రం ఆటు మీద ఉంటే గేట్లు తెరిచి నీళ్లు వదిలేస్తారు. పోటు మీద ఉంటే గేట్లు మూసే ఉంచి, పెద్ద పంపులతో ఎత్తి అవతల పోస్తారు. ఊరు మునగదు, ఉప్పు లోపలికి రాదు. ధవళేశ్వరంలో 175 గేట్ల ఆనకట్ట నీళ్లు తాగి పెరిగిన వాళ్లం మనం. పోటు ఎగదన్ని మురుగు కాల్వల్లోంచి ఉప్పునీరు చేలో కొస్తే ఏమవుతుందో మా అమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు, పుట్టింటివారి ఎకరంన్నర చౌడు తేలి పోయింది. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని ఇటు నీళ్లూ అటు నీళ్లూ చూస్తూ ముప్పావుగంట నిలబడింది. పైకప్పు మీది పచ్చికలో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తున్నారు. రమ్మంటే రాలేదు. "మా ఊరి కాల్వ మొగలో ఇలాంటిది చిన్నదొకటి ఉంటే" అని మాత్రం అంది.

జరిమానాల మాట సగం నిజం. మెట్రోలో తింటే, తాగితే 500 డాలర్ల దాకా వేయొచ్చు. చూయింగ్ గమ్ 1992 నుంచి తీసుకురానివ్వరు. హాకర్ సెంటర్లో తిన్న పళ్లెం మనమే తీసి పెట్టాలి. ఇవన్నీ బోర్డుల మీద బొమ్మలతో సహా ఉంటాయి, అయిదు రోజుల్లో మాకు ఒక్క జరిమానా పడలేదు. మెసేజ్‌లో చెప్పనిది, నిజంగా చెప్పాల్సింది వేరే ఉంది. గుట్కా, ఖైనీ, నమిలే పొగాకు నిషిద్ధం. సిగరెట్లు ఒక్క పెట్టె అయినా ముందుగా చూపించి పన్ను కట్టాలి. ఈ-సిగరెట్ అసలు కూడదు. మావయ్యలూ బాబాయిలూ బయల్దేరే ముందు జేబులు దులుపుకోవాలి.

నగదు గురించి ఇచ్చిన సలహా అన్నిటికంటే నష్టం చేసేది. అలాంటి సలహానే విని నేను బయల్దేరే ముందు ఒక కౌంటర్లో ముప్ఫై వేలు మార్చాను. డాలరుకి 71 చొప్పున పట్టుకున్నారు, ఆ రోజు మార్కెట్టు ధర 66. ఆ ఒక్క దెబ్బకి రెండు వేలు పోయాయి. మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే వేసుకుని వాడుకునే కార్డులో వేసుకున్నాం. నగదు వందో నూటయాభయ్యో డాలర్లు ఉంటే హాకర్ సెంటర్లకి సరిపోతుంది. కొట్లో కార్డు గీసినప్పుడు మిషన్ "రూపాయల్లో కట్టమంటారా, సింగపూర్ డాలర్లలోనా" అని అడుగుతుంది. డాలర్లే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్లిష్టం. మెట్రోకి మాత్రం మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డు మీద ముగ్గురు వెళ్లలేరు. ఎక్కేచోటా, దిగేచోటా రెండుసార్లూ తాకించాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మాత్రం ఒక మాట. సొంతంగా తిరిగితే నడక చాలా ఉంటుంది, మాకు రోజుకి ఏడెనిమిది కిలోమీటర్లకి తగ్గలేదు, పైగా ఉక్కపోత, మధ్యాహ్నం వాన. నాలుగో రోజు అమ్మ గదిలోంచి కదల్లేకపోయింది, నేను తోడున్నాను, పిన్ని ఒక్కతే మెట్రోలో వెళ్లి బొటానిక్ గార్డెన్స్ చూసొచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు అంత నడవలేరంటే ప్యాకేజీ బస్సు తీసుకోండి, ఆ 78 వేలకి అర్థం ఉంది.