గ్రామఫోను మ్యూజియంలో వినవలసినది

1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాడిన పాటలను గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేశాడు. ఆమె తొలినాటి ప్లేట్లలో పాట ముగియగానే 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అన్న మాట వినిపిస్తుంది. దాన్ని ఆమె దర్పానికి గుర్తుగా భావించేవారు ఉన్నారు గాని, అసలు కారణం వ్యాపారానికి సంబంధించినది. ఇక్కడ రికార్డు చేసిన మైనపు మాతృకలు (ప్లేట్లు అచ్చువేయడానికి మూలమైన ముద్రలు) జర్మనీలోని హానోవర్‌కు వెళ్లేవి. మన భాషలు తెలియని కార్మికులు ఏ ప్లేటుపై ఎవరి పేరు అచ్చువేయాలో పోల్చుకోవడానికి ఆ ప్రకటన అవసరమైంది. ప్లేట్ల తయారీకి వాడే లక్క ప్రధానంగా మన దేశపు అడవులదే. ఛోటా నాగపూర్ ప్రాంతంలో మోదుగ, రేగు చెట్ల కొమ్మల నుంచి సేకరించిన లక్క ఐరోపాకు వెళ్లి, మన గాయకుల గొంతు నింపుకొని ఓడల్లో తిరిగి వచ్చేది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం మొదలయ్యేదాకా ఇదే పద్ధతి సాగింది.

ఇత్తడి బాకాలను తుడిచి, అద్దాల బీరువాల్లో వరుసగా పేర్చి, కింద ఒక సంవత్సరం రాసిపెట్టిన మ్యూజియం ప్రదర్శన ఈ చరిత్రలో దేనినీ చెప్పజాలదు. యంత్రం అందమైనదే, నాకూ ఇష్టమే. అయితే కంపెనీలు ఒకే నమూనా యంత్రాలను వేలకొద్దీ తయారు చేశాయి; ఫలానా రోజున ఫలానా గాయని పాడిన పాటకు మాత్రం కొన్నిసార్లు లోకంలో ఒక్క ప్లేటే మిగిలి ఉంటుంది. కేరళలో కొట్టాయం జిల్లా ప్లాశనాల్‌లో ఒక సేకరణకర్త సొంతంగా 2015లో నెలకొల్పిన 'డిస్క్స్ అండ్ మెషీన్స్' మ్యూజియం పేరులోనే ప్లేట్లను ముందు, యంత్రాలను తర్వాత నిలపడం నాకు సరైన క్రమంగా తోస్తుంది.

అయితే వినిపించడంలోనూ ఒక చిక్కుంది. పాత గ్రామఫోనులో ముల్లును పట్టి ఉంచి దాని కదలికను ధ్వనిగా మార్చే సౌండ్ బాక్సు బరువంతా ఉక్కు ముల్లు మొనపైనే పడుతుంది. ముల్లు గాడికి తగినట్టు అరగాలని లక్కలో రాతిపొడి కలిపేవారు. అందుకే ఒక వైపు వినగానే ముల్లు మార్చాలి. ముల్లుతోపాటు గాడి కూడా కొంత అరుగుతుంది, అంటే విన్న ప్రతిసారీ పాట కొంత చెరుగుతుంది. కాబట్టి ఎక్కువ ప్రతులున్న ప్లేట్లనే సందర్శకుల ఎదుట పాత యంత్రంపై పెట్టాలి. అరుదైన వాటిని తేలికైన ముల్లుతో ఒక్కసారి మోగించి, డిజిటల్ ప్రతి తీసి భద్రపరచాలి. ఆ పని చేసేటప్పుడు వేగాన్నీ సరిచూడాలి. నిమిషానికి 78 చుట్లన్న లెక్క తర్వాత స్థిరపడింది. తొలినాటి ప్లేట్లు కొన్ని అంతకంటే తక్కువ వేగంతో రికార్డయ్యాయి. వాటిని 78 మీద తిప్పితే శ్రుతి పెరిగి గాయని గొంతు అసలు కంటే సన్నగా వినిపిస్తుంది. 1925కు ముందు రికార్డింగుకు మైకు కూడా లేదు. గాయకులు బాకాలోకి గట్టిగా పాడవలసి వచ్చేది, తంబురా నాదం దాదాపు అందేదే కాదు. ఇవన్నీ చెప్పకుండా వినిపిస్తే ఆ తరం కంఠాల గురించి శ్రోతకు తప్పుడు అభిప్రాయం కలుగుతుంది.

తెలుగువారికి ఈ విషయం మరింత ముఖ్యం, ఎందుకంటే మన రంగస్థల పద్యం ఎలా ఉండేదో తెలిపే ప్రధాన సాక్ష్యం ఈ ప్లేట్లే. రంగస్థలంపై ప్రేక్షకుల 'వన్స్‌మోర్' కేకల నడుమ ఎంతసేపైనా సాగే రాగాలాపన, పది అంగుళాల ప్లేటులో సుమారు మూడు నిమిషాలకు కుదించుకోవలసి వచ్చింది. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలను నాటకం చూడని ఊళ్లవారు కూడా విన్నది ఆ కుదింపులోనే. తర్వాతి నటులు పద్యం పాడిన తీరుపై దాని ప్రభావం ఎంతో తేల్చాలంటే ప్లేట్లన్నీ ఒకచోట చేరాలి. ఘంటసాల పాడిన కరుణశ్రీ పద్యాలు ఈనాటికీ వినిపిస్తున్నాయంటే, వాటిని తర్వాతి కాలంలో మళ్లీ మళ్లీ విడుదల చేయడమే కారణం. అలాంటి అదృష్టం లేని ప్లేట్లు అటకలపై ఎండకు వంకరపోయి, చేయి జారితే ముక్కలవుతున్నాయి.

ఈ ప్లేట్లకు డిజిటల్ ప్రతులు తీసి వినిపించడానికి చట్టం పెద్ద ఆటంకం కాదు. మన దేశంలో సౌండ్ రికార్డింగుపై హక్కు ప్రచురణ తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లే ఉంటుంది. 1920లు, 30లలో వెలువడిన ప్లేట్ల విషయంలో ఆ గడువు ఎప్పుడో తీరింది. రచనపై హక్కు కవి మరణించాక 60 ఏళ్లు ఉంటుంది; తిరుపతి వేంకట కవులిద్దరిలో తర్వాత మరణించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో కన్నుమూశారు కాబట్టి, వారి నాటక పద్యాలపై హక్కు కూడా 2010తో ముగిసింది.

కావలసింది ఓపికతో చేసే పట్టిక. ప్లేటుపై ఉన్న కంపెనీ పేరు, లేబుల్ రంగు, క్రమసంఖ్య, గాడి చివర చెక్కిన మాతృక సంఖ్య రాసుకుంటే, రికార్డయిన కాలాన్ని చాలావరకు నిర్ణయించవచ్చు. లేబుల్ చిరిగిపోయిన ప్లేట్లలో ఎవరు పాడారో ఆ సంఖ్యలు ఒక్కోసారి చెప్పలేవు. గౌహర్ జాన్ మాదిరిగా మన నటులందరూ చివర పేరు చెప్పలేదు. గొంతు విని ఇది ఫలానా వారిదని పోల్చగలవారు ఇప్పుడు పెద్ద వయసులో ఉన్నారు. తీసిన డిజిటల్ ప్రతులను ముందుగా వారి ఇళ్లకు తీసుకెళ్లి వినిపించాలి.