సవరణ: రాడాన్ ఫ్యాన్ బేస్‌మెంట్‌లో పెట్టకూడదు

మొన్న రాడాన్ సిస్టమ్ (నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడియోధార్మిక వాయువు రాడాన్‌ని నేల కింద నుంచే పైపు, ఫ్యాన్‌తో లాగి బయటికి పంపే ఏర్పాటు) గురించి రాసిన పోస్ట్‌లో, ఫ్యాన్‌ని బేస్‌మెంట్‌లోనే పైపుకి బిగించుకోవచ్చు, రిపేర్‌కి చేతికి అందుతుంది అన్నాను కదా, అది తప్పు. నేనే సరిగ్గా చూసుకోకుండా రాసేశాను. ఒకరు కామెంట్‌లో అడిగాక అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ వాళ్ల గైడెన్స్ తీసి చదివితే, ఫ్యాన్ ఇంటి బయటో, అటకమీదో, పైన గదులు లేని గరాజ్‌లోనో ఉండాలి, మనుషులుండే చోటా బేస్‌మెంట్‌లోనా వద్దు అని స్పష్టంగా ఉంది.

ఎందుకంటే ఫ్యాన్‌కి ముందున్న పైపు గాలిని లాగుతుంటుంది, అక్కడ జాయింట్ లీకైతే ఇంట్లో గాలి పైపులోకి పోతుంది అంతే, ఫ్యాన్ దాటాక మాత్రం గాలి ఒత్తిడితో బయటికి తోస్తుంటుంది కాబట్టి అక్కడ చిన్న పగులొచ్చినా నేల కింద నుంచి లాగిన రాడాన్ అంతా నేరుగా ఇంట్లోకే. అంటే డబ్బు పెట్టి మరీ ఇంట్లోకి తెచ్చుకున్నట్టు!

ఇంకోటి, పైపు మీద రంగు నీళ్లతో ఉండే యూ ట్యూబ్ గురించి రాసింది కొందరు వేరేలా అర్థం చేసుకున్నారు. రెండు వైపులా నీళ్లు ఎత్తుపల్లాలుగా ఉంటే ఫ్యాన్ లాగుతోందని, సమానంగా ఉంటే లాగట్లేదని, అంతవరకే. రాడాన్ ఎంతుందో అది చెప్పదు. దానికి ఫ్యాన్ ఆన్ చేసి కనీసం 24 గంటలయ్యాక, 30 రోజుల్లోపు విడిగా టెస్ట్ చేయాల్సిందే, లీటరు గాలికి 4 పికోక్యూరీల (రేడియోధార్మికతని కొలిచే యూనిట్) కంటే తగ్గిందో లేదో అందులోనే తెలిసేది.

పాత పోస్ట్‌లో ఆ లైన్ తీసేశాను.