సెలక్షన్స్‌కి పది రోజుల ముందు పూల్‌కి పరిగెత్తుకొచ్చే అమ్మానాన్నలకు

ఏటా ఇదే తంతు. జిల్లా సెలక్షన్స్ తేదీ వాట్సాప్‌లో పడగానే నెల్లూరులో మేం వెళ్లే పూల్ బయట బైకులకు చోటుండదు. మేలో సమ్మర్ క్యాంప్ అయ్యాక మళ్లీ మొహం చూపని పిల్లలు ఆ పది రోజులూ పొద్దునా సాయంత్రమూ నీళ్లలోనే. "ఎంతైనా చేయించన్నా, పిల్లోడు మెడల్ కొట్టాల" అని కోచ్ వెంటపడతారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

వరి పండించే జిల్లా మనది. కోతకు వారం ముందు యూరియా చల్లితే ఏం లాభమో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈతా అంతే. మొదటి నెలల్లో నిదానంగా ఎక్కువ దూరం ఈదాలి. ఊపిరి, గుండె, భుజాలు గట్టిపడేది అప్పుడే. తర్వాత రేస్ వేగంతో చిన్న సెట్లు. పోటీకి రెండు మూడు వారాల ముందు దూరాన్ని సగందాకా తగ్గిస్తారు, వేగం మాత్రం తగ్గనివ్వరు. టేపర్ అంటారు దాన్ని. పేరుకున్న అలసట తీరి పడిన కష్టం అప్పుడు బయటికొస్తుంది. మనవాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లల్ని అరగదీస్తున్నారు.

ఈ తప్పు మా ఇంట్లోనూ జరిగింది. నవంబర్ వానలకు పూల్ మూశారు, వెనకే పరీక్షలు. మా అక్క కూతురు ఆరు వారాలు నీళ్లు ముట్టలేదు. ఆ తర్వాత 100 మీటర్ల ఫ్రీస్టైల్. మొదటి 50 అందరికన్నా ముందుంది. 75 దాటాక మోచేతులు కిందికి జారాయి, కాళ్లు మునిగాయి. చివరి పదిహేను మీటర్లలో ముగ్గురు దాటేశారు. గట్టు పట్టుకుని, "మామా, చేతులు లేవలా" అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

2021 జూన్‌లో రోమ్‌లో సజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ముగించాడు. ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత ఇచ్చే 'ఎ' టైమ్ 1:56.48. మన దేశంలో దాన్ని అందుకున్న తొలి స్విమ్మర్ అతనే, అదీ మెడ గాయం నుంచి కోలుకుని. సెకనులో పదో వంతు! ఆఖరి పది రోజుల హడావిడితో వచ్చేదా అది?

ఈసారి జూన్ నుంచే మొదలుపెట్టాం. మా అక్క కూతురు పొద్దున ఐదున్నరకి నీళ్లలో దిగుతుంది. రెండు నిమిషాలకొకసారి చొప్పున వంద మీటర్లు పదిసార్లు ఈదుతుంది, ప్రతి టైమూ నోట్‌బుక్‌లో తనే రాసుకుంటుంది. వానలకు పూల్ మూస్తే కిటికీ ఊచకు రబ్బరు బ్యాండ్ కట్టి చేతులు లాగిస్తాం. స్కూళ్లవాళ్లు మొదటి పీరియడ్‌కి పావుగంట ఆలస్యమైనా గేటు తీస్తే చాలు, ఇంకేం అడగం.

మీ పిల్లల్నీ జూన్‌లోనే తీసుకురండి. అప్పుడు లేన్లన్నీ ఖాళీగానే ఉంటాయి.