ఏకైక అడ్మిన్ పదవి గారి దివ్యసముఖమునకు

మహారాజరాజశ్రీ అడ్మిన్ పదవి గారికి,

కోనసీమ శివారు ఆయకట్టులోని ఒక ఊరి నుంచి తమ వాట్సాప్ గ్రూపు సభ్యుడొకడు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలెడదామనుకున్నాను గానీ అందులో సగమే నిజమండి. తమరి కుశలం మాకు రోజూ అందుతూనే ఉంది. తామరపువ్వు మీద మంచుబొట్టు, కింద 'శుభోదయం', అదీ మాకు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి. మా కుశలం తమకి చెప్పుకునే దారే లేదు. సంక్రాంతికి పందేల బరి ఎవరి తోటలో వెయ్యాలన్న రగడ గ్రూపులోకి ఎక్కినప్పుడు 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అని తమరు తాళం బిగించారు. బరి ఎత్తేశారు, ఓడిన కోళ్లు కూరైపోయాయి, తాళం మాత్రం అలాగే ఉంది.

తమరిలో కొలువైన పెద్దాయన మీద మాకు కోపం లేదని ముందే మనవి చేస్తున్నాను. మంచి మనిషి. వరద రాత్రుల్లో మా కోసం కన్ను మూయని మనిషి. కొడుకు దగ్గరికని డల్లాస్ వెళ్లారు, మనవడు పుట్టాడు, అక్కడే ఉండిపోయారు. అందులో ఆయన తప్పేముంది? మా పేచీ తమరితోనే. ఒక ఊరి మాటంతా ఒకే ఫోనుకి కట్టేసి, ఆ ఫోన్ని ఒకే దిండు కింద పెట్టించే తమరి వైభవంతో.

గ్రూపు పుట్టింది 2022 జులైలో, ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో. పడవ ఏ రేవులో ఉంది, పాల ప్యాకెట్లు ఏ వీధికి అందలేదు, నెలలు నిండిన మనిషి ఎవరింట్లో ఉంది, అప్పుడు ఇవే కబుర్లు. నీళ్లు తీశాయి, గ్రూపు తియ్యలేదు. అంబాజీపేటలో కొబ్బరికాయ రేటు, వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య ధర, సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్లనీ దాటించే పంటు తిరుగుతోందా ఆపేశారా, వేసవికి కాలువలు ఎప్పుడు కట్టేస్తారు, ఎవరి దూడ తప్పిపోయింది, ఎవరు పోయారు, దినం ఎప్పుడు, అన్నీ అందులోకే వచ్చి చేరాయి. ఊళ్లో ఉన్నవాళ్లు, హైదరాబాద్ వెళ్లినవాళ్లు, కువైట్లో ఖతార్లో ఉన్నవాళ్లు కలిసి వెయ్యికి దగ్గరపడ్డాం. గ్రూపుకి 1024 మందే హద్దు కాబట్టి, ఇకమీదట ఊళ్లో ఎవరైనా పుడితే ముందు ఎవరో ఒకరు గ్రూపులోంచి లేవాలని వేళాకోళం కూడా నడిచింది. నడిచిందీ అంటే, తాళానికి ముందు లెండి.

మొన్నటి వరదకి ఏం జరిగిందో తమరికి తెలిసే వీలు లేదు కాబట్టి చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకల్లో పిల్లలకి ఎక్కాలకంటే ముందు వచ్చే లెక్కలివి. మొదటి హెచ్చరిక దాకా ఆగకుండానే చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోతుంది, ఆ తర్వాత అందరి ప్రాణం పడవలోనే. ఆ రోజు రెండో హెచ్చరిక వచ్చేసరికి మాకు పగలు పదకొండున్నర. డల్లాస్‌లో అర్ధరాత్రి దాటి ఒంటిగంట. మా వీధి కుర్రాడొకడు రేవులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి వీడియో తీశాడు. పడవ ఇంజిన్ చెడింది, ఆ ఒడ్డునే ఆగిపోయింది, ఇటు రావద్దు, పై రేవుకి వెళ్లండి. అంతే వీడియో.

గ్రూపు తెరిస్తే కింద టైపు చేసే చోటే లేదు. పెద్దాయనకి విడిగా పంపాడు. రెండు టిక్కులు పడ్డాయి, నీలం మాత్రం కాలేదు. సరే, మనుషులకే పంపుదామని ఫార్వర్డ్ నొక్కితే ఒక విడతకి ఐదుగురే. ఐదుగురిని ఎంచాలి, పంపాలి, మళ్లీ ఐదుగురిని ఎంచాలి, పంపాలి. వేళ్లు తడిసి ఫోను మాట వినదు, లుంగీకి తుడుచుకుందామంటే లుంగీ వేళ్లకంటే తడిగా ఉంది. ఈలోగా ముసలివాళ్లు, మేకలు, నెత్తిన గ్యాస్ బండతో ఒకాయన, అందరూ ఆ పడవ లేని రేవుకే వచ్చి, పిల్లాణ్ని నాలుగు తిట్టి, వెనక్కి తిరిగారు. సాయంత్రం ఆరున్నరకి తామరపువ్వు వచ్చింది. దాని వెనకాలే 'అందరూ జాగ్రత్త' అని, రెండు చేతులు జోడించిన బొమ్మ. అది చూసి లైక్ కొట్టినవాళ్లు కూడా ఉన్నారండి. మా ఊరి మర్యాద అలాంటిది.

తమరి శక్తి సామాన్యమైంది కాదని ఆ తర్వాత ఆరా తీస్తే తెలిసింది. గ్రూపుని పుట్టించినవారిని ఇంకో అడ్మిన్ కూడా తీసెయ్యలేడట. తమంతట తామే దిగాలి. ఒక్కరే అడ్మినై ఉండి దిగిపోతే, మిగిలినవాళ్లలో ఎవరో ఒకరి నెత్తిన యాప్ తనకి తోచినట్టు కిరీటం పెట్టేస్తుంది. వెయ్యి మందిలో లాటరీ. అది పంటు నడిపే మనిషికి తగలొచ్చు, ఏడాదికోసారి కేకు ఫోటో పెట్టి మాయమైపోయే మా మేనల్లుడికీ తగలొచ్చు.

అసలు చిక్కు పెద్దలు కాలం చేస్తేనే (నూరేళ్లు చల్లగా ఉండాలి, మాట వరసకి అంటున్నాను). లోకంలోంచి వెళ్లిపోయినంత మాత్రాన గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు కాదు. వాడకుండా వదిలేసిన ఖాతాని వాట్సాప్ మామూలుగా 120 రోజులకి తీసేస్తుంది. 120 రోజులంటే మారుటేరు పరిశోధన కేంద్రం వారి 1010 వరి రకం, అదే కాటన్ దొర సన్నాలు, నారు పోసిన దగ్గర్నుంచి కోతకి వచ్చేంత కాలం. సార్వా నాట్లప్పుడు తమరు ఖాళీ అయితే కుప్పలు పడేదాకా ఊరు నోరు మూసుకుని కూర్చోవాలన్నమాట. వరదలొచ్చేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

మాది ఆస్తి పంపకాల్లో పండిపోయిన గడ్డండి. గట్టు మీది కొబ్బరిచెట్టు పక్క తోట మీదికి ఒరిగితే, రాలిన కాయ ఎవరిదన్న దాని మీద మాటలు మానేసి, పెళ్లిళ్లలో వేరు వేరు బంతుల్లో కూర్చునే అన్నదమ్ములున్నారు. పది సెంట్ల దొడ్డికి కూడా వీలునామా రాయించి, సాక్షి సంతకాలు పెట్టించి, జిరాక్సులు ముగ్గురిళ్లలో దాస్తారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి పుట్టుకతోనే హక్కని దేశమంతా 2005లో చట్టం చేస్తే, పెళ్లికాని కూతుళ్ల వరకూ మన రాష్ట్రం 1986లోనే చేసింది. ఇంత తెలివైన చోట, వెయ్యి మంది నోరు రేపు ఎవరికి దఖలు పడుతుందో చెప్పే చీటీ ముక్క ఒక్కటి లేదు.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి అదీ అడిగేస్తాను. గ్రూపులో పనికొచ్చే కబురు పెట్టేది ఎవరు? ఆశా వర్కరు, డ్వాక్రా లీడరు. డ్వాక్రా సంఘం ఖాతాలోంచి డబ్బు తియ్యాలంటే ఒక్క సంతకం చాలదు, తీర్మానం రాయాలి, సభ్యులంతా సంతకాలు చెయ్యాలి. లీడరు ఊరెళ్తే సంఘం మూతపడదు, ఇంకొకరు పుస్తకం పట్టుకుంటారు. ఉమ్మడి పెత్తనం ఎలా నడపాలో ఊళ్లో చేతిమీదుగా తెలిసిన వాళ్లు వాళ్లే. అడ్మిన్ అనేసరికి మాత్రం తమరి చూపు మీసాల వైపే పోతుంది.

ఇంకో అడ్మిన్ని పెట్టమంటే తమరి తరఫున వచ్చే జవాబులు మాకు కంఠతా వచ్చు. 'ఎవడో ఏదో పెడితే కేసు నా మీద పడుద్ది' అన్నది మొదటిది. సభ్యుడి పోస్టుకి అడ్మిన్ పూచీ కాదని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ముందే కలిసి పన్నాగం పన్నితే తప్ప అడ్మిన్ని పట్టుకోకూడదని బాంబే హైకోర్టు అంతకు ముందు ఏడాదే అంది. అవి మన కోర్టులు కావు కదా అంటారు. కాకపోనివ్వండి, అంత భయం ఉన్నవారు బరువుని నలుగురికీ పంచాలి గానీ, ఒక్కరే మోస్తామని మంకుపట్టు పడతారా ఎక్కడైనా?

'గ్రూపు పెట్టింది నేను' అన్నది రెండో జవాబు. ఆయ్, నిజమేనండి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించింది కాటన్ దొర. 1847లో మొదలెట్టి 1852కి పూర్తిచేయించాడు. కట్టించింది నేనే కాబట్టి తూముల తలుపులు నేనే ఎత్తుతానని ఆయన తాళాలు ఇంగ్లండు పట్టుకుపోయి ఉంటే, ఈపాటికి మా తాతలు ఏ ఊళ్లో కూలికి వెళ్లేవారో.

మూడోది 'నమ్మకస్తుడు దొరకాలి కదా'. పుట్టించినవారిని ఎవరూ పీకెయ్యలేరని ఇందాకే అనుకున్నాం. పదవి పోదు, పేరు పోదు, పైన నక్షత్రంలా అలాగే ఉంటారు. మరి దేనికండీ ఈ టెన్షన్?

తమరు మా ఊళ్లోనే వెలిశారని మాత్రం అనుకోవద్దు. తమరి వంశం పెద్దది. ఈమెయిళ్ల మీద నడిచిన యాహూ గ్రూప్స్‌ని ఆ కంపెనీ 2019 అక్టోబరులో సర్దుకోమని చెప్పి, 2020 డిసెంబరు 15న కట్టేసింది. సభ్యుల్ని వెంటబెట్టుకుని వేరే చోటికి మారాలంటే యజమాని హక్కున్నవాళ్లే కదలాలి. యజమాని ఉన్నాడో పోయాడో తెలియని గ్రూపుల్లో అప్పుడు ఎవరు కదులుతారు? ఏళ్ల తరబడి మాట్లాడుకున్న మాటలు అలాగే పోయాయి. ఆ తర్వాత వచ్చినవాళ్లు కాస్త నేర్చుకున్నట్టే ఉన్నారు. టెలిగ్రామ్‌లో గ్రూపు యాజమాన్యాన్ని ఇంకొకరికి రాసిచ్చెయ్యొచ్చు, కాకపోతే రెండంచెల పాస్‌వర్డ్ ముందే పెట్టుకుని ఉండాలి. గూగుల్ గ్రూప్స్‌లో ఒకరికి మించి ఓనర్లు ఉండొచ్చు. గూగుల్ ఖాతా మూలపడితే ఎవరికి కబురు వెళ్లాలో బతికుండగానే రాసిపెట్టే ఏర్పాటు 2013 నుంచి ఉంది. రాసిన మనిషి మాత్రం మా ఊళ్లో నాకు ఇంతవరకూ తగల్లేదు. కూర్చుంటే పది నిమిషాల పని, కానీ చావు మాట తలుచుకుంటూ ఎవరు కూర్చుంటారు?

మా కోరిక చిన్నదండి. తమరు ఒకరిగా కాకుండా ముగ్గురో నలుగురో కండి. అందులో ఒకరు లాకుల దగ్గర లస్కరు. నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో ముందు తెలిసేది ఆయనకే. ఒకరు ఆశా వర్కరు. పెద్దాయన్ని తియ్యమని మేం అనం, వద్దన్నా ఉంచుతాం, ఎందుకంటే మాకు రాత్రి రెండింటికి గట్టు తెగితే మెలకువగా ఉండేది ఆయనొక్కరే. ఆ తామరపువ్వు కూడా ఉంచుకోవచ్చు. ముగ్గురూ మూడు ఇళ్ల వాళ్లయి ఉండాలి. తండ్రీ కొడుకూ అల్లుడూ అయితే అది ముగ్గురు కాదు, ఒక్కరే మూడు చొక్కాలు వేసుకున్నట్టు. ఎవరు ఎప్పుడు తప్పుకున్నా తర్వాత ఎవరు ఎక్కాలో గ్రూపు వివరాల్లో రెండు వాక్యాలు రాసి ఉంచాలి. ఏటా జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలే ముందు, ముగ్గురూ తలా ఒకసారి తాళం తీసి వేసి చూపించాలి. తాళంచెవి తన దగ్గరుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

అందర్నీ అడ్మిన్లని చెయ్యమని మాత్రం అడగం. ఆ ప్రయోగం మా వాడకట్టులోని పెళ్లి గ్రూపులో జరిగింది. పెళ్లికొడుకుని ఆడపెళ్లివారు రెండుసార్లు తీసేశారు.

ఇట్లు,
తమ గ్రూపులో చదువుకునే హక్కు మాత్రమే గల సభ్యుడు

తా.క.: ఉత్తరం ముగిస్తుండగానే గ్రూపులో కొత్త అడ్మిన్ పేరు కనబడింది. వీధంతా సంబరపడ్డాం, ఒకాయన కాజాలు కూడా పంచాడు. తీరా నొక్కి చూస్తే అది పెద్దాయన గారి రెండో సిమ్ నంబరేనండి. ఇండియాలో వదిలేసి వెళ్లింది, బీరువాలో ఉంది, రీఛార్జ్ ఎప్పుడైపోయిందో ఆయనకీ గుర్తులేదు. సేవ ఆగిపోయిన నంబర్ని 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరట. ఆ తర్వాత అది ఎవరికైనా పోవచ్చు. ఏ ముమ్మిడివరం మనిషికో, కనీసం పగటిపూట మెలకువగా ఉండేవాడికి, పోయేలా తమరే చూడాలి.