పెద్దమ్మ కుక్కరు, దేశ రక్షణ

సంక్రాంతికి మా ఊరు పర్లాకిమిడి వెళ్లినప్పుడల్లా మా పెద్దమ్మ ఒకే ప్రశ్న అడుగుతుంది. "ఇంతకీ నువ్వు చేసే పని ఏమిటిరా?" ఇరవై రెండేళ్లుగా ఇదే ప్రశ్న, ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే జవాబు. "విమానాల కంపెనీలే పెద్దమ్మా." అంతకు మించి చెప్పనని చేరిన రోజునే సంతకం పెట్టాను, కాబట్టి కంపెనీ పేరు ఇక్కడా రాయను. చాలా పెద్దది. రక్షణ శాఖకు సరుకు పంపుతుంది. ఒక నగరానికి దూరంగా, ఎత్తైన గోడ వెనక ఉంటుంది. ఆ గోడ వెనక ఏం జరుగుతుందో శత్రుదేశానికి తెలియకూడదు. గేటు ఎదుట టీ కొట్టు ఆయనకు మాత్రం ఏ షెడ్డులో ఏ పని ఎన్ని నెలలుగా ఆగిందో, ఎవరి అలక వల్ల ఆగిందో కూడా తెలుసు. నాకేదైనా సందేహం వస్తే ఆయననే అడుగుతాను.

ఈ రహస్యం వల్ల నా పెళ్లి ఒక ఏడాది వెనకబడింది. పాతపట్నం నుంచి వచ్చిన సంబంధం వారు "అబ్బాయి ఏం తయారు చేస్తాడండీ?" అని అడిగితే, మా నాన్నగారు గొంతు తగ్గించి "అది బయటికి చెప్పకూడదండీ" అన్నారు. పాతపట్నం మాకు ఏటి అవతల. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్లింది, వారిది ఆంధ్ర వైపే ఉండిపోయింది. అంతమాత్రాన అనుమానానికి సరిహద్దులు ఉండవు కదా. దొంగనోట్లు అనుకుని వెళ్లిపోయారు.

అసలు కష్టం వేరే ఉంది. సంతకం అడ్డు రాకపోయినా నాకు చెప్పడం రాదు. విమానాల కంపెనీలో ఇన్నేళ్లు పనిచేసి నేను విమానాన్ని చేత్తో ముట్టుకున్నది రెండుసార్లు. మిగతా కాలమంతా కాగితాన్నే ముట్టుకున్నాను.

వాషరు సంగతి చెబుతాను. బోల్టు కింద వేసే బిళ్ల, రూపాయి నాణెమంత ఉంటుంది. పర్లాకిమిడి బజారులో అడిగితే గుప్పెడు తీసి కాగితంలో పొట్లం కడతారు. మా స్టోర్సులో దానికొక జాతకం ఉంటుంది. ఏ కొలిమిలో ఏ పోతలో కరిగిన లోహం, అందులో ఏది ఎంత శాతం, ఆ శాతాన్ని కొలిచిన పరికరాన్ని ఎవరు సరిచూశారు, సరిచూసినవారికి ఆ అర్హత ఎవరిచ్చారు, ఆ ఇచ్చినవారిని ఎవరు తనిఖీ చేశారు. మా ఇంట్లో ముత్తాత పేరు తెలిసినవారు లేరు. ఆ వాషరుకు ఏడు తరాలు నేను గడగడా అప్పజెబుతాను.

నవ్వకండి. రేపు ఎక్కడో ఒక వాషరు చిట్లితే, అదే పోతలో పుట్టిన దాని తోబుట్టువులు ఏయే విమానాల్లో కూర్చున్నాయో గంటలో తెలియాలి. ఆకాశంలో బండి పక్కకు ఆపి చూసుకోవడానికి చింతచెట్టు ఉండదు. మా ఊళ్లో గేదె కొమ్మును సెగ చూపి మెత్తబరిచి, ఆకురాయి పట్టి, మెడ వంచిన కొంగను చేసే పనివారున్నారు. ఆ కొమ్ము ఏ గేదెదో వారిని ఎవరూ అడగరు. కొంగ ఎగరదు గనుక.

కాబట్టి ఆ మొదటి కాగితానికి నేను వ్యతిరేకిని కాను. ఆ కాగితానికి పుట్టే పిల్లల గురించే నా బెంగ.

మా షెడ్డులో పనిముట్ల బోర్డు ఒకటి ఉంది. ప్రతి పానా వెనక దాని ఆకారమే నల్లరంగుతో గీసి ఉంటుంది. సాయంత్రం లెక్కలో ఎక్కడైనా పానా లేక నీడ ఒక్కటే కనిపిస్తే షెడ్డు మొత్తం ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పానా ఇంజిను కడుపులో ఉండిపోయి ఉండవచ్చు. ఒక రోజు పదో నంబరు పానా నీడ మాత్రమే మిగిలింది. రాత్రి పదకొండు దాకా టార్చీలు, పిడి ఉన్న అద్దాలు పట్టుకుని మోకాళ్ల మీద వెతికాం. చివరకు తుడుపు గుడ్డల డబ్బాలో, అడుగున దొరికింది. అక్కడ ఎవరూ ఇంటికి తొందరపడలేదు, ఎవరూ విసుక్కోలేదు. ఆ రాత్రికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

మర్నాడు అసలు పని మొదలైంది. పానా పోయినందుకు ఒక నివేదిక. దొరికినందుకు ఇంకొకటి, ఎందుకంటే దొరికినది పోయినదేనని రుజువు కావాలి. చెక్కిన నంబరు వాడకంలో అరిగిపోయి ఉంది. దాంతో కమిటీ వేశారు, నన్ను కార్యదర్శిని చేశారు. నాలుగు నెలల్లో ఆరుసార్లు కూర్చున్నాం, ఆరుసార్లూ సమోసాలు వచ్చాయి. ఈలోగా వివాదంలో ఉన్న పానాను వాడకూడదు గనుక ఇంకొక పానాకు ఇండెంటు పెట్టాం. అది ఇంకా రాలేదు. చివరకు "దొరికిన పానా, పోయిన పానా అయి ఉండే అవకాశం లేకపోలేదు" అని తేల్చాం. ఆ వాక్యం నాదే. ఆ ఏడాది నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు.

ఆ వాక్యం రాసిన రాత్రి గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చి నిద్రపట్టలేదు. ఆయన మా ఊళ్లోనే బడిపంతులుగా ఉండి, సవర గిరిజనుల భాషను వారి నోటనే నేర్చుకుని, జనం మాట్లాడే తెలుగు రాతకు పనికొస్తుందని పండితులతో తలపడ్డారు. బయట ఆయన గెలిచారు. మా గోడ లోపల గ్రాంథికవాదులే గెలిచారు. మా దగ్గర ఏదీ విరగదు, "నిర్దేశిత ప్రమాణం నుంచి విచలనం" పొందుతుంది. పని ఆలస్యం కాదు, "కాలపట్టిక పునర్వ్యవస్థీకరించబడుతుంది". తప్పు ఎవరూ చేయరు, "మూలకారణం గుర్తించబడుతుంది". ఆ మూలకారణం ప్రతిసారీ అంతకు ముందు నెలలోనే బదిలీ మీద వెళ్లిపోయి ఉంటుంది.

ఇదంతా మా గోడకే పరిమితం అనుకోకండి. ఈ దేశంలో సైన్యానికి ఏదైనా కొనాలంటే ఎక్కవలసిన తొలి మెట్లలో ఒకదాని పేరు, తెలుగులో చెప్పాలంటే, "అవసరమేనని అంగీకారం". తుపాకి కావాలని సైనికుడికి అనిపిస్తే చాలదు. అతనికి అలా అనిపించడం సబబేనని, పెద్ద కొనుగోలైతే రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే మండలి ఒప్పుకోవాలి. ఆ తరువాత టెండరు పిలుపు, సాంకేతిక పరిశీలన, ఎడారిలోనూ మంచులోనూ పరీక్షలు. అమ్మేవాడు సొంత ఖర్చుతో సరుకు మోసుకొచ్చి చూపించాలి, కొనేవారికి ఖర్చూ లేదు, కట్టుబాటూ లేదు. మన పెళ్లిచూపులు కూడా సరిగ్గా ఈ షరతుల మీదే జరుగుతాయి. కాకపోతే ఉప్మా పెట్టేది అవతలివారు.

ఫలితం నిదానంగా వస్తుంది. తేలికపాటి యుద్ధ విమానానికి ప్రభుత్వం ఒప్పుకున్నది 1983లో. ఆ విమానం, అంటే తేజస్, మొదట ఎగిరింది 2001 జనవరి 4న. వాయుసేన స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. ఎవరి స్థానంలోకి రావడానికి అది పుట్టిందో ఆ మిగ్-21, 1963లో కొలువులో చేరి 2025 సెప్టెంబరు 26న దిగిపోయింది. మనుషులమైతే మాకు 60 నిండగానే దండ వేసి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపేస్తారు. 62 ఏళ్ల సర్వీసు విమానానికే చెల్లింది.

అమెరికా వారి ముందు మనం పసివాళ్లం. 1980ల్లో అక్కడ సైన్యం కొన్న 435 డాలర్ల సుత్తి, 640 డాలర్ల మరుగుదొడ్డి మూత బయటపడి పత్రికలు గగ్గోలు పెట్టాయి. లెక్కలు తెలిసినవాడిని కనుక నాకు సుత్తి మీద జాలి కలిగింది. ఇంజనీర్ల జీతాలు, పర్యవేక్షణ ఖర్చులు జాబితాలోని సరుకులన్నిటి మీదా సమానంగా పంచితే, పెద్ద యంత్రానికి పడాల్సినంత భారం సుత్తి నెత్తిన కూడా పడింది. ఉమ్మడి కుటుంబంలో చిన్న కోడలిగా ఉన్నవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మొన్నటి సంక్రాంతికి పెద్దమ్మ కుక్కరు రబ్బరు సాగిపోయింది. ఆవిరంతా మూత పక్కనుంచి పోతోంది. "బజారుకు వెళ్లి ఒకటి పట్టుకురారా" అంది. మా పద్ధతులు సొంత ఊరికి నేర్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. మొదట అవసరం తేలాలి గనుక, "రబ్బరు లేకుండా వండుకోలేమా పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె చూసిన చూపును అంగీకారంగా నమోదు చేసుకున్నాను.

మూడు దుకాణాల్లో ధరలు తీసుకుందామని బయలుదేరాను. మొదటి దుకాణంలోనే ఆయన గోడ మేకుకు వేలాడుతున్న రబ్బర్లలోంచి ఒకటి లాగి "అయిదు లీటర్లదే కదా?" అన్నాడు. ఏ బ్యాచిదని అడిగాను. తయారైన తేదీ అడిగాను. పరీక్షించినట్టు ఏదైనా కాగితం ఉందా అని అడిగాను. ఆయన పక్కనున్న కుర్రవాడితో ఒడియాలో ఒక మాట అన్నాడు. నాకు ఒడియా బాగా వచ్చు గనుక దాన్ని ఇక్కడ రాయడం లేదు. తరువాత తెలుగులోకి వచ్చి, "బాబూ, తమరు చేసే పని ఏమిటి?" అని మర్యాదగానే అడిగాడు. మిగతా రెండు దుకాణాలకు వెళ్లకుండా డబ్బిచ్చి వచ్చేశాను.

పెద్దమ్మ రబ్బరు చుట్టూ నూనె చేత్తో ఒకసారి రాసి, మూతలో ఇమిడ్చి, కందిపప్పు పెట్టింది. నేను పీట వేసుకుని పక్కన కూర్చున్నాను. మొదటి కూత పదకొండు నలభైకి వచ్చింది, రెండోది నలభై మూడుకు, మూడోది నలభై అయిదుకు. పక్కనుంచి ఆవిరి లేదు. అన్నీ ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసి, కింద "పరీక్ష సంతృప్తికరం" అని రాసి, గీత గీసి, సంతకం కోసం పెద్దమ్మ ముందు పెట్టాను.

ఆమె ఒక చేత్తో కుక్కరు దించుతోంది. రెండో చేత్తో ఆ కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి, గట్టు మసి కాకుండా కుక్కరు కింద వేసింది.