ఉప్పు గారి వంశవృక్షం

ఉప్పు ప్యాకెట్ మీద 'జన్యుమార్పిడి లేనిది' అని అచ్చు వేసి అమ్ముతున్నారు. పక్కనే ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఉప్పుకు ఆకు ఎక్కడ మొలిచిందని అడక్కండి. ఈ ఘనకార్యం చూశాక కంపెనీ వారిని అభినందించకుండా ఉండటం నా వల్ల కాలేదు. మనలాంటి మామూలు మనుషులు ఉప్పులో మట్టి ఉందా, తడి ఉందా, అయోడిన్ ఉందా అని చూసి ఊరుకుంటారు. వాళ్లు అంతటితో ఆగకుండా దాని పుట్టుపూర్వోత్తరాల దాకా వెళ్లారు.

జన్యుమార్పిడి అంటే ప్రయోగశాలలో జీవి జన్యువులను మార్చడం. ఉప్పంటే సోడియం, క్లోరిన్. అందులో కణం లేదు. కణం లేదు కాబట్టి డీఎన్ఏ లేదు, డీఎన్ఏ లేదు కాబట్టి జన్యువు లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు నడవడిక మంచిదని సర్టిఫికెట్ మాత్రం వచ్చేసింది.

సర్టిఫికెట్ ఊరికే వచ్చి ఉండదు కదా, తనిఖీ జరిగే ఉంటుంది. తెల్లకోటు వేసుకున్న అధికారి గారు వేంచేసి, బల్ల మీద కాగితం పరిపించి, దాని మీద ఒక ఉప్పురాయిని కూర్చోబెట్టి ఉంటారు.

"పేరు?"

"ఉప్పండి."

"తండ్రి?"

"సముద్రమండి."

"తల్లి?"

"ఎండ అండి."

అధికారి గారు రాసుకున్నారు. "మీ ఇంట్లో ఎవరికైనా బ్యాక్టీరియాతో సంబంధాలు ఉన్నాయా?"

"అయ్యో, మా దగ్గరికొస్తే అవి బతకవండి."

"పురుగు పట్టిన దాఖలాలు?"

"ఇంతవరకూ ఏ పురుగూ సాహసించలేదండి."

"కలుపు మందు చల్లితే తట్టుకుంటావా?"

"నన్ను చల్లితేనే కలుపు చస్తుందండి."

అధికారి గారు కలం ఆపారు. పురుగు పట్టదు. కలుపు మందుకు చలించదు. ఏళ్ల తరబడి కుళ్లదు. ప్రయోగశాలల్లో కోట్లు పోసి మొక్కల్లోకి ఎక్కించాలని చూసే గుణాలన్నీ ఈ ఒక్క రాయిలో పోగుపడి ఉన్నాయి! కేసు చిన్నది కాదని ఆయనకు అర్థమైంది. నమూనా తీద్దామని సూది గుచ్చితే ఉప్పురాయి పొడి పొడి అయింది. పొడిని నీళ్లలో వేసి పరీక్షిద్దామంటే అందులో కరిగి కనిపించకుండా పోయింది. నిందితుడు పరారీ అని రిపోర్టు రాశారు. కమిటీ కూర్చుంది. మరో ఉప్పురాయిని పిలిపించారు. అది మొదటిదాని అన్నో తమ్ముడో తేల్చడానికి ఉపకమిటీ వేశారు. ఉపకమిటీ నివేదిక వచ్చేలోగా వానాకాలం వచ్చి సాక్షులంతా చెమ్మగిల్లిపోయారు. చివరికి అధ్యక్షుల వారు కంపెనీ ప్రతినిధి వైపు తిరిగి అసలు ప్రశ్న వేశారు. "ఫీజు కట్టారా?" "కట్టామండి." "అయితే వంశం స్వచ్ఛమే."

నీళ్ల సీసాలకూ ఈ ముద్ర పడింది. నీళ్ల విచారణ ఎలా సాగిందో మీరే ఊహించుకోండి, నాకు ఓపిక లేదు.

దీని వెనుక తెలివి లేదనుకుంటే పొరపాటు. 2015లో అమెరికాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ వారు ఒక సర్వే చేశారు. డీఎన్ఏ ఉన్న ఆహారానికి తప్పనిసరిగా లేబుల్ వేయాలా అని అడిగితే, 80 శాతం మందికి పైగా వేయాల్సిందే అన్నారు. తినే గింజలో, పండులో, కాయలో, మాంసంలో డీఎన్ఏ ఉంటుంది. అది అసలే వద్దనుకుంటే ధైర్యంగా నోట్లో వేసుకోగలిగేవి దాదాపుగా ఉప్పూ నీళ్లే. ఆ రెంటికే ముద్ర వేయించిన వారి ముందుచూపుకు జోహార్లు. జనాన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. వాళ్లకు అందింది టెన్షన్ ఒక్కటే, వివరం ఎవరూ చెప్పలేదు.

ఇదే ముద్ర సంతోషంగా దక్కే మరో జాతి ఉంది. విత్తనాల మీద గామా కిరణాలు కొట్టి, లేదా రసాయనాల్లో నానబెట్టి, జన్యువులు ఎక్కడ పడితే అక్కడ చెదిరిపోయాక, వాటిలో పనికొచ్చే మొక్కను ఏరుకునే పద్ధతి దాదాపు వందేళ్లుగా ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలిసి నడిపే జాబితాలో ఇలా పుట్టిన రకాలు 3,000 దాటాయి. అవి ప్రమాదమని నేననడం లేదు, తరాలుగా తింటూనే ఉన్నాం. కానీ చూసి చూసి ఒక జన్యువును ఒక చోట పెడితే మహాపాపం, కళ్లు మూసుకుని వెయ్యి చోట్ల కొడితే పరమ పవిత్రం. ఈ కొలబద్ద ఏ ఋషి ప్రసాదించాడో?

ఇప్పుడు ఉప్పును పక్కన పెట్టి నూనె సంగతి చూడండి. అమెరికాలో 2016లో చట్టం చేసి, 2022 నుంచి జన్యుమార్పిడి ఆహారాన్ని వెల్లడించడం తప్పనిసరి చేశారు. బాగుంది. అయితే జన్యుమార్పిడి సోయా నుంచి తీసిన నూనెను బాగా శుద్ధి చేశాక మార్చిన జన్యుపదార్థం పరీక్షకు దొరకదు కాబట్టి, దాని గురించి చెప్పక్కర్లేదన్నారు! జన్యుమార్పిడి బీట్ నుంచి తీసిన చక్కెరదీ అదే కథ. ఐరోపాలో నూనెకు లేబుల్ ఉంది గానీ, జన్యుమార్పిడి దాణా తిన్న పశువు పాలకూ మాంసానికీ లేదు. ఇక అమెరికాలో చెప్పాల్సి వచ్చిన సరుకుల మీదైనా నోరారా చెప్పమన్నారా అంటే, క్యూఆర్ కోడ్ అచ్చు వేసి ఫోనుతో స్కాన్ చేసుకోమన్నా చాలన్నారు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, పంటి మధ్య ఫోను పెట్టుకుని ఒక్కో సరుకునూ స్కాన్ చేసుకునే తల్లి కోసం ఎంత ఆలోచించారో!

ప్రస్తుతం అమ్ముతున్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కంటే ప్రమాదకరమనడానికి ఆధారాలు లేవని 2016లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీల కమిటీ వందలాది పరిశోధనలు చూసి చెప్పింది. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అప్పటిదాకా వచ్చిన పంటల గురించి. రేపు వచ్చేదాన్ని రేపు పరీక్షించాల్సిందే.

అలా పరీక్షించినందుకే 1990లలో ఒక ముప్పు తప్పింది. పశువుల దాణాలో పోషకం పెంచడానికి బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో పెట్టారు. ఆ గింజ పడనివారి రక్తంతో పరీక్షిస్తే, అలర్జీ తెచ్చే ప్రోటీన్ సోయాలోకీ వచ్చేసిందని తేలింది. 1996లో ఆ ఫలితం అచ్చయింది, సోయా బజారుకు రానేలేదు. కంపెనీల తరఫువాళ్లు ఈ కథను గర్వంగా చెబుతారు. చెప్పుకోనివ్వండి, అప్పుడు పని సరిగ్గానే జరిగింది.

స్టార్‌లింక్ అనే జన్యుమార్పిడి మొక్కజొన్న కథ మాత్రం అంత గర్వంగా చెప్పరు. ఆ మొక్కజొన్నలోని పురుగుల్ని చంపే ప్రోటీన్ అలర్జీ తెస్తుందేమో అన్న సందేహం తీరలేదు. అందుకే అమెరికాలో 1998లో పశువుల దాణాకూ పరిశ్రమల అవసరాలకూ మాత్రమే అనుమతించారు. గోదాములకూ లారీలకూ ఆ సంగతి ఎవరు చెప్పాలి? 2000లో అది మనుషులు తినే పదార్థాల్లో తేలింది. 300 దాకా సరుకుల్ని బజారు నుంచి వెనక్కి తెప్పించారు. ఆరోగ్యం చెడిందన్న 28 మంది రక్తం పరీక్షిస్తే ఆ ప్రోటీన్ అలర్జీ ఆనవాళ్లు కనబడలేదు. సంతోషం. కానీ దాన్ని కనిపెట్టింది ఎవరు? అనుమతిచ్చిన ప్రభుత్వం కాదు, తయారుచేసిన కంపెనీ అంతకన్నా కాదు. జన్యుమార్పిడిని వ్యతిరేకించే సంఘాలు సొంత డబ్బుతో పరీక్ష చేయిస్తే బయటపడింది. మనుషులు తినకూడదని మీరే రాసి, మీరే తినిపించి, ఎవరో వచ్చి చెబితే గానీ మీకు తెలియలేదంటే సిగ్గుండక్కర్లేదా? భద్రత గురించి అడిగినవాళ్లందరినీ సైన్సు తెలియని అమాయకులని ఈసడించే పెద్దమనుషులు దీనికేం చెబుతారు?

అమెరికాలో ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థతో కంపెనీల సంప్రదింపులు 1992 నుంచీ స్వచ్ఛందమే. పరీక్షలు చేసేది కంపెనీ, వివరాలు ఇచ్చేది కంపెనీ. బయటివాళ్లు పరీక్షించుకోవచ్చు కదా అంటారా? 2009లో మొక్కజొన్న పురుగుల మీద పనిచేసే 26 మంది శాస్త్రవేత్తలు ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. విత్తనం కొనేటప్పుడు సంతకం పెట్టాల్సిన ఒప్పందంలోనే పరిశోధన కూడదని ఉందనీ, చాలా కీలకమైన ప్రశ్నల మీద స్వతంత్ర పరిశోధన సాగడం లేదనీ రాశారు. పేర్లు మాత్రం బయటపెట్టలేదు. రేపు పని జరగాలంటే అవే కంపెనీల సహకారం కావాలి మరి. గొడవయ్యాక కంపెనీలు కొంత మెత్తబడి విశ్వవిద్యాలయాలకు కొన్ని వెసులుబాట్లు ఇచ్చాయి.

అయ్యా, ప్యాకెట్ల మీద ఆ పరీక్షల వివరాలు అచ్చు వేయించండి. ఏ ప్రోటీన్, ఎవరు పరీక్షించారు, ఎవరి డబ్బుతో, ఎవర్ని చూడనిచ్చారు, ఎవర్ని చూడనివ్వలేదు. చోటు చాలకపోతే క్యూఆర్ కోడే పెట్టండి, ఈ ఒక్కదానికీ నేనే ఓపిగ్గా స్కాన్ చేసుకుంటాను.